ఇమ్లీబన్‌లోకి మళ్లీ మూసీ వస్తే మనం ఏ బస్టాండుకు పోవాలి?

ఊరికి పోవాలంటే పాతబస్తీ వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఎంజీబీఎస్. పెద్దవాళ్లు ఇప్పటికీ ఇమ్లీబన్ అనే అంటారు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఆ బస్టాండులోకే మూసీ వచ్చేసింది. సామాన్లతో, పిల్లలతో ఉన్న ప్రయాణికులు లోపలే చిక్కుకుపోతే సిబ్బంది బయటకు తేవాల్సి వచ్చింది.

దీన్ని అనుకోని వరద అనడం సగమే నిజం. 1994లో మొదలైన ఈ బస్టాండు ఉన్నదే మూసీ మధ్యలో. పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. 1908 వరద తర్వాత కట్టినవే అవి. వాటి గేట్లు వాటంతట అవి తెరుచుకోవు, అధికారులే ఎత్తుతారు. అంటే నీళ్లొస్తున్న సంగతి ముందే తెలుస్తుంది. బస్టాండు ఖాళీ చేయించడానికి టైమ్ దొరుకుతుంది.

2018 జూలైలో గౌలిగూడ పాత బస్టాండు రేకుల షెడ్డు కుప్పకూలింది. ప్రాణనష్టం ఎందుకు జరగలేదు? ముందే ఖాళీ చేయించారు కాబట్టి. ఆ జాగ్రత్త ఇక్కడ ఏమైంది?

వరద రోజు బస్సులను నాలుగు చోట్లకు మార్చారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు జేబీఎస్, వరంగల్ వైపు ఉప్పల్, విజయవాడ వైపు ఎల్బీనగర్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు ఆరాంఘర్. ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఫోన్‌లో వార్తలు చూడని నానీమాకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇక్కడే లెక్క కూడా చూడాలి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు జీరో టికెట్. కానీ యాకుత్‌పురా నుంచి ఉప్పల్‌కో జేబీఎస్‌కో ఆటోలో పోతే, బస్సులో మిగిలింది ఆటోకే పోతుంది. ఉస్మానియా ఆస్పత్రికి చూపించుకుని తిరిగిపోయే జిల్లా పేషెంట్ల సంగతి ఇంకా కష్టం.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కాదు. గేట్లు ఎత్తగానే బస్టాండు మైకులో తెలుగులో, ఉర్దూలో చెప్పాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు మెసేజ్ పంపాలి. అఫ్జల్‌గంజ్ నుంచి ఆ నాలుగు చోట్లకు సిటీ బస్సులు నడపాలి. మన మస్జిద్ కమిటీలు కూడా మైకులో ఒక మాట చెబితే మొహల్లా అంతా వింటుంది.

మూసీని బాగు చేసే పెద్ద ప్రాజెక్టు ఎప్పటికి పూర్తవుతుందో అల్లాహ్‌కే తెలుసు. వానాకాలం మాత్రం ప్రతి ఏడూ వస్తుంది.