చదువు నెంచుకొనువా రెవరు?

2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి బాలబాలికలకు లక్షలకొలది ట్యాబులు పంచిపెట్టెను. చేతి ఫోనులు మా రోలుగుంటవంటి పల్లెలకును వచ్చినవి. బిడ్డలు తెరపై తమంతట తాము చదువుకొనుట మేలే. కాని ఒక పాఠము ముగియగానే, తరువాత దేనిని చూడవలెనో తెరయే చెప్పుచున్నది.

ఈ సలహా యెట్లు పుట్టుచున్నది? బిడ్డ చూచినవానిని, విడిచినవానిని యంత్రము లెక్కించును. అట్టివే చూచిన యితరులు పిమ్మట నేమి చూచిరో దానినే ముందుంచును. పలువురు చూచినది మఱింత పలువురికి జేరును. కొలదిమంది కోరు తెలుగు పాఠము అడుగున బడును.

బిడ్డ స్థాయి నెఱిగి తగిన లెక్క నిచ్చుట యంత్రమునకు చేతనగును. నిండు తరగతిలో ఉపాధ్యాయునకు అది కష్టమే. ఆ సాయమును నేను కాదనను. కాని లెక్క నిచ్చుట వేఱు, మార్గమును నిర్ణయించుట వేఱు. స్వయంశిక్షణ మనగా ఒంటరిగా చదువుట గాదు. ఏది చదువవలెనో ఆలోచించి నిశ్చయించుకొనుట. ఆ నిశ్చయమును యంత్రమున కప్పగించిన పిమ్మట మిగులున దేమి?

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూర పుస్తకములు చేరవలె నని శ్రమించిరి. గ్రంథాలయమున ‘ఈ పుస్తక మేల యిచ్చితిరి?’ అని అడుగవచ్చును. తెర అట్టి ప్రశ్నకు బదులు చెప్పుట అరుదు. కావున ప్రతి సలహాకును కారణము తెలుగున దెలుపవలెను. మూడు నాలుగు మార్గములు చూపవలెను. వానిని త్రోసిపుచ్చు స్వేచ్ఛ బిడ్డ కుండవలెను.

తలిదండ్రులారా, ‘ఎంత చదివితివి?’ అనుటతో విడువక, ‘దీని నేల యెంచుకొంటివి?’ అనియు అడుగుడు. దానికి బదులు చెప్పలేని బిడ్డ తాను చదువుట లేదు, చదివింపబడుచున్నాడు.