కెమిస్ట్రీ మానేసి గరిటె పట్టిన తాన్యా



పోయిన నెల గ్రూపులో ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టారు, గుర్తుందా? "మా అమ్మాయి కాలేజీ మానేసి వంట నేర్చుకుంటానంటోంది. ఊళ్లో వాళ్లకి ఏమని చెప్పుకోను?" అని. పాపం, గొంతు వణికింది. ఆ అక్క కోసమే ఈసారి తాన్యా గ్రాండిట్స్ గురించి రాస్తున్నాను.

తాన్యా 1970లో జర్మనీలోని ఆల్బ్‌ష్టాట్‌లో పుట్టింది. యూనివర్సిటీలో కెమిస్ట్రీలో చేరి, మధ్యలో మానేసింది. మానేసి ఊరికే కూర్చోలేదండీ. బ్లాక్ ఫారెస్ట్‌లో ట్రౌబె టోన్‌బాఖ్ అనే పేరున్న హోటల్లో వంట పని మొదటి నుంచీ నేర్చుకుంది. జర్మనీలో ఈ శిక్షణ మామూలుగా మూడేళ్లు. కిచెన్‌లో పని, బడిలో పాఠాలు, చివర పరీక్ష. నేర్చుకుంటున్నప్పుడే కొంత జీతం కూడా ఇస్తారు.

తర్వాత లండన్‌లో క్లారిడ్జెస్ హోటల్లో పనిచేసింది. 2001లో భర్తతో కలిసి స్విట్జర్లాండ్‌లో ఒక పల్లెటూళ్లో సొంత రెస్టారెంట్ పెట్టింది. 2008లో బాసెల్ వచ్చి, హన్స్ ష్టుకి అనే పెద్ద షెఫ్ పేరు మీద ఉన్న రెస్టారెంట్ తీసుకుంది. ఆ పెద్దాయన పేరు చెరపలేదు, పక్కన తన పేరు చేర్చుకుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఆమె వంటకి ఒక గుర్తు ఉంది. ఒక్కో ప్లేటుకి ఒక్కో రంగు. పచ్చనిదైతే కూర, సాస్, పైన చల్లిన ఆకులు, అన్నీ పచ్చనివే. మిషెలిన్ గైడ్ ఎంత గొప్ప చోటికైనా మూడు స్టార్లకి మించి ఇవ్వదు. ఈమెకి రెండు వచ్చాయి. గో మియో గైడ్ 2014లో ఒకసారి, 2020లో మళ్లీ ఒకసారి ఈమెనే స్విట్జర్లాండ్‌లో ఆ ఏటి షెఫ్‌గా ఎంచుకుంది.

అక్కా, స్టార్లు చూసి మురిసిపోయి అమ్మాయిని పంపమని చెప్పట్లేదు. 2001లో సొంత కిచెన్ పెట్టాక కూడా 2014 దాకా పదమూడేళ్లు పట్టింది. ఈ పనిలో సాయంత్రాలుండవు, పండగలుండవు. అది మన నర్సమ్మలకి ఒకరు చెప్పక్కర్లేదు! అందుకే ఊళ్లో వాళ్ల మాట పక్కన పెట్టి, అమ్మాయినే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి దగ్గర నేర్చుకుంటావు? ఎన్నేళ్లు? చేతికి ఏ సర్టిఫికెట్ వస్తుంది? వీటికి సమాధానం ఉంటే అది చదువు మానేయడం కాదు, చదువు మార్చుకోవడం.

అడిగి చూసి, తను ఏమందో గ్రూపులో చెప్పండి. ఎదురుచూస్తుంటాం.