కూర్చోవడం కూడా హక్కేనా?

మా మేనకోడలికి పెళ్లి కుదిరింది. పెళ్లి బట్టల కోసం మా వదిన, మేనకోడలు ఖమ్మం నుంచి ఒక్క రోజుకని హైదరాబాదు వచ్చారు. జూబ్లీహిల్స్‌లోనే కొనాలని పిల్ల పట్టుదల. సినిమావాళ్లు కొనే చోట కొనాలి, సినిమావాళ్లు తినే చోట తినాలి, వీలైతే ఒకరిద్దరిని కళ్లారా చూడాలి. వాళ్ల వెంట నేనూ వెళ్లాను. ఆ రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా నా కంటపడిన ఒకే ఒక్క విషయం గురించి ఈ వ్యాసం.

ముందే ఒక మాట చెప్పాలి. షాపింగ్ చేసే ఆడవాళ్లను వెక్కిరించడానికి నేనిది రాయడం లేదు. చీరల పిచ్చి, నగల పిచ్చి అంటూ మన మీద వేసిన జోకులు, కార్టూన్లు పత్రికల్లో కావలసినన్ని చదివాం. ఏడాది పొడవునా ఇంటిచాకిరీ చేసే మా వదినకు, బయటికొచ్చి నచ్చినదాన్ని ముట్టుకుని చూసి, ఇంకెవరో వండి వడ్డించింది తినే రోజులు ఎన్ని వస్తాయి? ఆమె సంతోషం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ సంతోషం కోసం రోజంతా నిలబడే ఉన్న ఆడవాళ్ల మాటేమిటన్నదే నా ప్రశ్న.

చెక్‌పోస్ట్ స్టేషన్లో మెట్రో దిగి, రోడ్ నంబర్ 36లో ఒక పెద్ద చీరల దుకాణానికి వెళ్లాం. మమ్మల్ని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. మంచినీళ్లిచ్చారు, తర్వాత కాఫీ ఇచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి మా ముందు నిలబడి చీర తర్వాత చీర విప్పి, కొంగు తన భుజం మీద వేసుకుని చూపించింది. రెండున్నర గంటలు. ఆమె వెనక మరో నలుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంత పెద్ద అంతస్తులో అమ్మేవాళ్ల కోసం ఒక్క స్టూలు లేదు. మా వదిన ఉండబట్టలేక, "నువ్వు కూడా కూర్చోమ్మా, కాళ్లు లాగడం లేదూ?" అంది. ఆ పిల్ల కంగారుగా పైకప్పు కేసి చూసింది. "వద్దు మేడం, కూసుంటే కెమెరాల కనబడ్తది."

మేనకోడలు ట్రయల్ రూములో ఉన్నప్పుడు ఆ అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడగలిగాను. బోరబండ నుంచి వస్తుంది. పొద్దున పదికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటిదారి. అన్నానికి అరగంట, అదీ సెల్లార్ మెట్ల మీద. మరుగుదొడ్డికి పోవాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి. ఆయన మగవాడు. నెలసరి రోజుల్లో ఎలా అని అడిగితే, "నీళ్లు తక్కువ తాగుతం మేడం" అంది. పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలంటారు మన పెద్దలు. ఈ పిల్లలు నిలబడతారు గానీ, నీళ్లు మాత్రం తాగరు.

ఆ దుకాణం పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క యజమాని దుర్మార్గం కాదు. ఆ రోజు మేం ఎక్కిన మెట్లన్నిటి మీదా ఇదే కనిపించింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన హోటల్లో రాగిసంకటి, నాటుకోడి పులుసు తిన్నాం. చాలా బాగుంది. తలుపు దగ్గర పట్టుచీర కట్టుకుని నమస్కారం పెట్టే అమ్మాయి మేం వెళ్లేటప్పుడు ఎక్కడ నిలబడి ఉందో, గంటన్నర తర్వాత బయటికొచ్చేటప్పుడూ అక్కడే నిలబడి ఉంది. ఆమె పక్కన కుర్చీ ఉంది. అది టేబుల్ కోసం వేచి ఉండే కస్టమర్ కోసం.

"కస్టమర్ ముందు కూర్చుంటే మర్యాదగా ఉండదు." యజమానులు చెప్పే జవాబు ఇదే. సరే, ఈ మర్యాద ఎప్పుడు పుట్టింది? నా చిన్నప్పుడు ఖమ్మం బజారులో బట్టల దుకాణమంటే తెల్ల దుప్పటి పరిచిన పరుపు. ఆ పరుపు మీద గుమాస్తా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. గల్లాపెట్టె వెనక సేటు కూర్చునేవాడు. కొనేవాళ్లం మేమూ కూర్చునేవాళ్లం. ఎవరి మర్యాదకూ లోటు రాలేదు, చీరలు అమ్ముడుపోకుండా ఆగలేదు. అమ్మేది మగవాడైనప్పుడు కూర్చుని అమ్మడం వ్యాపారమైంది. అమ్మేది ఆడపిల్ల అయ్యేసరికి కూర్చోవడం సోమరితనమైంది! పరుపు పోయి గాజు కౌంటరు రావడం ఆధునికత అనుకుందాం. కౌంటరు వెనక ఒక స్టూలు వేయడానికి ఆ ఆధునికతకు ఎందుకు చేతులు రాలేదు?

సమాజశాస్త్రం చదివినదాన్ని కనుక నాకు తోచే సమాధానం ఇది. మన సమాజంలో కూర్చోవడం ఏనాడూ ఒక్క కాళ్లకు సంబంధించిన విషయం కాదు. గడీలో దొర ముందు ఎవరు కూర్చోవచ్చో, ఎవరు నేల మీద కూడా కూర్చోకూడదో కులం నిర్ణయించింది. మామగారు వస్తే కోడలు లేచి నిలబడాలని కుటుంబం నేర్పింది. అందరికీ వడ్డించి వంటింట్లో నిలబడే రెండు ముద్దలు తినే తల్లులను మనమంతా చూశాం. ఆ దొరతనం, ఆ అత్తింటి క్రమశిక్షణ రెండూ ఇవాళ ఏసీ హాల్లోకి వచ్చి 'కస్టమర్ సర్వీస్' అని పేరు మార్చుకున్నాయి. డబ్బిచ్చి కొనుక్కుంటున్నది చీరొక్కటే కాదు, ఒకామె మన ముందు నిలబడి ఉండడాన్ని కూడా. ఆ అమ్మాయిలు ఏయే ఇళ్ల నుంచి, ఏయే బస్తీల నుంచి వస్తున్నారో అడిగితే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది.

సాయంత్రం డిజైనర్ జాకెట్టు కొలతలిచ్చే పని మీద ఫిలింనగర్ వెళ్లాం. ముందు గదిలో ఇద్దరమ్మాయిలు నిలబడి కొలతలు తీసుకుంటున్నారు. వెనక గదిలో మగ్గం పనివాళ్లు పొద్దుటి నుంచి వంగి కూర్చునే ఉన్నారు. ఒకరికి కూర్చునే వీలు లేదు, మరొకరికి నడుమెత్తే వీలు లేదు. అద్దాల్లోంచి చూస్తే మాత్రం అంతా సినిమా సెట్టులా మెరిసిపోతోంది.

సినిమా అంటే గుర్తొచ్చింది. తమిళంలో 2010లో వచ్చిన 'అంగాడి తెరు' చెన్నై టి.నగర్ బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లల కథ. తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో మనమూ చూశాం. మన ఫిలింనగర్‌కు కూతవేటు దూరంలో అలాంటి కథలు వందల కొద్దీ నిలబడి ఉన్నాయి. అయినా తన సెట్ల మీద ఆడవాళ్లు ఎలా బతుకుతున్నారో చెప్పడానికే ఈ పరిశ్రమకు నోరు పెగలలేదు. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి ఇదే ఫిలింనగర్‌లో అర్ధనగ్నంగా నిరసనకు దిగాక గానీ అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీ గురించి బహిరంగంగా చర్చ జరగలేదు. ఆమె పద్ధతులతో మనకు ఎన్ని భేదాభిప్రాయాలున్నా ఇది నిజం. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కేరళ హేమ కమిటీ నివేదిక బయటపడినప్పుడు, మన దగ్గరి నివేదిక కూడా బయటపెట్టమని నటి సమంత అడగవలసి వచ్చింది. నిలబెట్టడం, ఎదురుచూడనివ్వడం, అడిగితే పని పోతుందని భయపెట్టడం. దుకాణమైనా స్టూడియో అయినా ఆడవాళ్ల మీద వాడే పద్ధతి ఇదే.

ఇక చట్టం సంగతి. నిలబడి పనిచేసే కార్మికులు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఏనాడో చెప్పింది. కానీ దుకాణం ఫ్యాక్టరీ కాదు కదా! 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. బోరబండ అమ్మాయి లెక్క మీరే వేసుకోండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం షరతులతో దుకాణాలను 24 గంటలూ తెరిచి ఉంచుకోవచ్చంది. దుకాణం ఎంతసేపు తెరిచి ఉండాలన్నది ఆలోచించిన వాళ్లకు, అందులో మనిషి ఎంతసేపు నిలబడగలదన్నది తట్టినట్టు లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూర్చునే వసతి ప్రస్తావన ఉంది. కానీ ఆ కోడ్ ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు. నలుగురైదుగురు పనిచేసే బొటిక్‌ల మాటేమిటి?

కేరళలో ఈ హక్కు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు, కుట్టుపని చేసుకునే విజి అనే స్త్రీ నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టుకుని మొదట మరుగుదొడ్డి కోసం పోరాడారు. తర్వాత కుర్చీ కోసం పోరాడారు. 2014 చివర త్రిస్సూరులో ఒక చీరల దుకాణం ముందు మొదలైన సమ్మెకు 'ఇరిక్కల్ సమరం' అని, అంటే కూర్చునే పోరాటమని పేరొచ్చింది. 2018లో కేరళ చట్టం సవరించింది. 2021లో తమిళనాడు సవరించింది. సారా మీద యుద్ధం ప్రకటించిన దూబగుంట ఆడవాళ్లు పుట్టిన తెలుగు నేల మీద ఒక స్టూలు కోసం పోరాటం ఎందుకు రాలేదు?

ఎందుకంటే మనం దీన్ని చిన్న విషయమనుకున్నాం. అత్యాచారాలు, వరకట్న హత్యలు, యాసిడ్ దాడుల మధ్య కుర్చీ గురించి ఏం మాట్లాడతామనుకున్నాం. పదకొండు గంటలు నిలబడితే పాదాలు వాచడం, నడుం పట్టేయడం, కాళ్ల నరాలు ఉబ్బిపోవడం చిన్న విషయాలా? నీళ్లు తాగక మూత్రంలో మంట, గర్భిణి అయితే ఉద్యోగం మానుకోవడం తప్ప దారి లేకపోవడం చిన్న విషయాలా? హింస అంటే కొట్టడమొక్కటే కాదని మహిళా ఉద్యమం ఎన్నేళ్లుగానో చెబుతోంది. మన మాట మనమే మరిచిపోతే ఎలా?

కాబట్టి చేయవలసింది స్పష్టంగా ఉంది. మన రెండు రాష్ట్రాల దుకాణాల చట్టాల్లోనూ కూర్చునే హక్కు, ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్డి అని స్పష్టంగా రాయించాలి. పనివాళ్ల సంఖ్యతో నిమిత్తం లేకుండా, ఇద్దరు పనిచేసే బొటిక్‌కు కూడా అది వర్తించాలి. కార్మిక శాఖ తనిఖీలు చేయాలి, జరిమానాలు వేయాలి. సంఘాలు బోరబండకో, కృష్ణానగర్‌కో వెళ్లి ఈ అమ్మాయిలను వాళ్ల సెలవు రోజున కలుసుకోవాలి. దుకాణంలో అడిగితే వాళ్లు నిజం చెప్పలేరు, కెమెరా ఉంది. ఇక కొనుక్కోవడానికి వెళ్లే మనం, బిల్లు కట్టే ముందు యజమానిని ఒక్క ప్రశ్న అడగాలి: "మీ దగ్గర పనిచేసే పిల్లలకు కుర్చీ ఏదీ?" అమ్మాయిని కాదు, యజమానిని. ఆమెనడిగితే ఆమె ఉద్యోగం పోతుంది.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక చెక్‌పోస్ట్ బస్టాపులో బోరబండ వైపు వెళ్లే బస్సు ఎక్కుతూ దుకాణాల అమ్మాయిలు కనిపించారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మంచిదే. బస్సు కిక్కిరిసి ఉంది. స్త్రీలకు కేటాయించిన సీట్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి. పదకొండున్నర గంటల తర్వాత కూడా ఆ పిల్లలు నిలబడే వెళ్లారు. చేతినిండా సంచులతో ఫుట్‌పాత్ మీద నిలబడి మా మేనకోడలు నన్నడిగింది, "అత్తా, మనం అడిగుంటే వాళ్లు స్టూలు వేసేవాళ్లా?"

ఒక్కరం అడిగితే వేయరు. వందమందిమి అడిగితే వేస్తారు. అడగడం మొదలుపెడదాం.