ఫిట్‌నెస్ ఒక్కపూట - రోడ్డెక్కేది ఏడాది పొడుగునా
మండల కేంద్రాల షెడ్లలో తనిఖీ గొయ్యి అగత్యం

సత్తెనపల్లి: మిరపకోతలు మొదలైతే పల్నాటి పల్లెల్లో కోడికూత వేళకే ఆటోలు, ట్రాక్టర్లు బయలుదేరతాయి. ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో పదిమంది, ట్రాక్టరు ట్రక్కులో పాతిక, ముప్పై మంది. చద్ది క్యారియరు ఒళ్ళో పెట్టుకుని ఎక్కే ఆడకూలీల్లో ఒక్కరైనా "బ్రేకు బాగుందా అబ్బాయ్" అని అడగరు. అడిగినా ఆ డ్రైవరు చెప్పగలిగింది తక్కువే. బ్రేకు పడుతోందని అతనికి తెలుసు. లోపల లైనింగు ఎంత మిగిలిందో తెలియదు. చక్రం విప్పి చూస్తే కదా తెలిసేది!

2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టరు బోల్తాపడి మిరపకోతకు పోయివస్తున్న నలుగురు ఆడకూలీలు చనిపోయారు. ఇటువంటిది జరిగినప్పుడల్లా నాలుగు రోజులపాటు బండ్లు ఆపి కాగితాలు అడగడం మామూలే. కాగితాలు చాలావరకు సరిగానే ఉంటాయి. చక్రం సంగతి కాగితం చెప్పదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయికి తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలి. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకొకసారి, అది దాటితే ఏటేటా చూపించాలి. పరీక్ష మనిషి కంటితో కాక యంత్రాలతో జరగాలని కేంద్రం 2021 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. బండిని రోలర్ల మీదికి ఎక్కించి ఏ చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో అంకెలతో చూస్తారు. లైటు, పొగ, స్టీరింగు కూడా అంతే. మంచిదే. యంత్రానికి మొహమాటం ఉండదు, మామూళ్ళు అడగదు.

కాని అది ఒక్కపూట పరీక్ష. ఆ పూటకోసం పక్కవాడి కొత్త టైర్లు ఎరువు తెచ్చి బిగించుకోవడం, ఇంటికి రాగానే విప్పి ఇచ్చేయడం ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. మిగతా 364 రోజులు ఆ బండి పాత టైర్లతోనే తిరుగుతుంది. ఇక పొలం పనికని రిజిస్టరైన ట్రాక్టరుకు ఈ ఏటేటా పరీక్ష కూడా లేదు. 15 ఏళ్ళదాకా దాని చక్రం కింద తొంగిచూసే నాథుడు లేడు. కూలీలు ఎక్కువగా ఎక్కేది ఆ బండే.

కనుక ప్రతి మండల కేంద్రంలో కనీసం ఒక్క మెకానిక్ షెడ్డులోనైనా తనిఖీకని విడిగా ఒక చోటు ఏర్పాటు చేయాలి. దీనికి రోలర్ యంత్రాలు అక్కర్లేదు. మనిషి నిలబడి పైకి చూడగలిగే లోతున సిమెంటు గొయ్యి, దిగడానికి మెట్లు, జాకీతో లేపిన బండి జారకుండా నాలుగు ఇనుప స్టాండ్లు, ఎదురుగా సున్నం కొట్టిన గోడ చాలు. గోడమీద లైటు ఎత్తుకు గీత గీసి, 25 అడుగుల దూరంలో బండి నిలిపి లైటు వేస్తే చాలు, డిమ్ములో వెలుతురు గీత కిందికి పడుతోందో, ఎదురు వచ్చేవాడి కళ్ళలో పడుతోందో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు.

గొయ్యి తవ్వేవారు ఒక సంగతి మరువరాదు. గ్యాసు ఆటోలోని ఎల్‌పీజీ, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కారితే గోతిలోనే పేరుకుంటాయి. అందులోకి 230 వోల్టుల బల్బు తీగ వేలాడదీసి, బీడీ నోట పెట్టుకుని దిగితే తనిఖీ చేసేవాడికే ప్రాణం మీదికి వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ దీపం పెట్టుకోవాలి. పని లేనప్పుడు గోతిమీద పలకలు కప్పాలి.

చూడవలసింది పెద్ద చిట్టా ఏమీ కాదు. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు వదులు తెలుస్తుంది. ఆటో అయితే ముందు ఫోర్కు ఊపి చూడాలి. బ్రేకు డ్రమ్ము విప్పి లైనింగు, వీల్ సిలిండరు చెమ్మ చూడాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఎక్కువగా బ్రేకు తొక్కినప్పుడు అది మరిగి, పెడలు నేలకు తగులుతుంది. కార్లు, లారీల టైర్ల గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన. కొలబద్ద లేకపోయినా ఫరవాలేదు, గాడి అడుగున కంపెనీవారే చిన్న మిట్టలు పోసి ఉంచుతారు. టైరు అరిగి ఆ మిట్టతో సమమైందంటే దాని పని అయిపోయినట్టే.

ట్రాక్టరు విషయం వేరే చెప్పాలి. దానికి బ్రేకు పెడళ్ళు రెండు, ఎడమకొకటి, కుడికొకటి. దుక్కిలో మడి చివర తిప్పుకోవడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపి గొళ్ళెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్కటి తొక్కితే ఒకవైపు చక్రం బిగిసి బండి పక్కకు లాగుతుంది, వెనుక ట్రక్కు నిండా మనుషులుంటే ఒరిగిపోతుంది. ఆ గొళ్ళెం విరిగిపోయి, తుప్పుపట్టి, అసలు లేకుండా తిరిగే ట్రాక్టర్లు ఎన్నో. దాని ఖరీదు ఒక పూట టీ ఖర్చుకు అటూ ఇటూ. ట్రక్కు పిన్నుకు అడ్డుచీల, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు కూడా ఈ కోవలోనివే.

అయితే చూసేవాడూ బాగుచేసేవాడూ ఒకడే అయితే లేని జబ్బు కూడా చెప్పడా అని బండి యజమానులు సందేహిస్తారు. సందేహం న్యాయమైనదే. కేంద్ర నిబంధనలు కూడా పరీక్షా కేంద్రం నడిపేవారు రిపేర్లు, విడిభాగాల అమ్మకం చేయకూడదంటున్నాయి. మండల కేంద్రంలో అలా విడదీయడం కష్టం. అందుకు విరుగుడుగా చూసినందుకు ఇంత అని కూలి ముందే ఆటో యూనియను, షెడ్డువారు కలిసి నిర్ణయించి బోర్డు మీద రాయించాలి. లోపం ఉంటే యజమానిని గోతిలోకి దింపి కంటికి చూపించాలి. చీటీ రెండు కాపీలు రాసి ఒకటి చేతికివ్వాలి. రిపేరు ఎక్కడ చేయించుకుంటాడో అతని ఇష్టం. ఈ చీటీ సర్కారు ఫిట్‌నెస్‌కు బదులు కాదన్న మాట కూడా దానిమీదే అచ్చువేయించాలి. లేకుంటే రోడ్డుమీద ఆపినవారికి దాన్నే చూపించే ఘనులు మనలో లేకపోలేదు.

ఖర్చు ఎవరు పెట్టాలి? సహకార సంఘాలు ట్రాక్టరు కొనడానికి అప్పు ఇస్తున్నాయి, దాని గొళ్ళెం చూసే గోతికి కూడా ఇవ్వవచ్చు. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాళ్ళకు ఇది పని అవుతుంది. కూలీలను పిలిపించుకునే రైతు, చీటీ ఉన్న బండికే కిరాయి ఇస్తానంటే డ్రైవరు తనంతట తానే షెడ్డుకు వస్తాడు. ఇందులో అధికారుల కంటే రైతు మాటకే బలం ఎక్కువ.

కోతలకు ముందు దసరా వస్తుంది. ఆ రోజు బండికి పసుపు, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించని యజమాని ఉండడు. బండి ఎలాగూ ఆ పూట తిరగదు. షెడ్డువారు సెలవు మానుకుని ముందురోజే గొయ్యి తెరిచి పెడితే, కడిగిన బండి పూజకు పోయేముందు అటు పోయి వస్తుంది.