కారు వణుకుతుంటే ముందే గేర్ బాక్సు విప్పించకండి

మిరప పనుల్లో పడి ఇక్కడ రాసి చాలా రోజులైంది. ఇవాళ పురుగు గురించీ కాదు, యార్డు రేటు గురించీ కాదు. కారు గురించి. మన ఊళ్ళలో ఇప్పుడు బజారుకి రెండు మూడు సెకండ్ హ్యాండ్ కార్లు కనపడుతున్నాయి. వాటిలో సగం బళ్ళు స్టార్ట్ చేసి నిలబెడితే జ్వరమొచ్చినట్టు వణుకుతుంటాయి. అడిగితే "పాత బండి గదా, అంతేలే" అంటారు. నేనూ రెండేళ్ళు అదే మాట అన్నాను. ఆ మాట తప్పని ఇప్పుడు గట్టిగా చెబుతున్నా.

నాకనిపించేదేంటంటే, ఈ తప్పు మనకి ట్రాక్టర్ దగ్గర అలవాటైంది. మన దగ్గర తిరిగే ట్రాక్టర్లలో ఇంజను, క్లచ్ హౌసింగు, గేర్ బాక్సు, వెనక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. దాని వెన్నెముకే అది. అందుకే క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని నడిమికి రెండు ముక్కలుగా విడదీస్తారు, మనందరం చూసిందే. అక్కడ ఇంజను అదిరితే బండంతా అదురుద్ది, స్టీరింగు పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి. అది మామూలే. కారు కట్టుబడి అది కాదు. కారులో ఇంజనూ గేర్ బాక్సూ కలిసి రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. రెండు ఇనప ముక్కల మధ్య రబ్బరు అతికించి చేస్తారు వాటిని. ముందు చక్రాలు లాగే చిన్న కార్లకి మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. బొలెరో లాంటి బళ్ళకి ఇంజనుకి అటూ ఇటూ రెండు, గేర్ బాక్సు కింద ఒకటి. బరువు మొయ్యడం, అదురు లోపలికి రాకుండా ఆపడం, యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఇంజను మెలి తిరగకుండా పట్టుకోవడం, మూడు పనులూ ఆ రబ్బరువే. అది చిరిగితే లోపల కూర్చున్న మనకి తెలిసేది వణుకే.

నా సంగతి చెబుతా. పోయినేడు కోతల ముందు నా కారు రివర్స్ వేస్తే కింద నుంచి "టక్" మని కొట్టేది. ఫస్ట్ గేరు ఒక్కోసారి పడేది కాదు. ఏసీ వేస్తే డాష్ బోర్డు గలగల. టౌనులో ఒక షెడ్డుకి తీసుకెళ్తే చుట్టూ ఒక రౌండు నడిపి, గేర్ బాక్సు దించాలి, క్లచ్ సెట్టు కూడా పోయింది, 22 వేలు అవుతాయి, నాలుగు రోజులు బండి వదిలిపెట్టు అన్నారు. కోత కూలీలకని దాచిన డబ్బులున్నాయి చేతిలో. ఇచ్చేద్దామనే అనుకున్నా.

మా పక్క చేను బావ పూర్వం లారీ నడిపినవాడు. "బానెట్ ఎత్తి చూశార్రా?" అన్నాడు. ఎత్తలేదు. ఆయన చూపించిన పద్ధతి ఇది. హ్యాండ్ బ్రేకు లాగి, లోపల ఒకరు కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి ఉంచాలి. ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం కొంచెంగా వదిలి బండి లాగబోయే దగ్గర ఆపాలి, తర్వాత రివర్స్ లో అలాగే. చూసేవాడు బండికి ముందు గానీ వెనక గానీ నిలబడకూడదు, పక్కన నిలబడాలి. ఇది మాత్రం మరవొద్దు, పొరపాటున కాలు జారితే బండి మీదకొస్తది. మంచి మౌంటింగులైతే ఇంజను కాస్త కదిలి ఆగుద్ది. నాది నాలుగు వేళ్ళ ఎత్తు ఎగిరింది. టార్చి వేసి చూస్తే గేర్ బాక్సు వైపు దాని రబ్బరు ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది, వెనక దానికి పగుళ్ళు. రెండూ మార్చాం. సామానూ కూలీ కలిపి 3,400. గేరు పడకపోవడం కూడా దానివల్లే. గేర్ బాక్సు ఒరిగిపోతే గేరు కేబుళ్ళు సరిగా లాగవు. పద్నాలుగు నెలలైంది, గేర్ బాక్సు ఇంకా విప్పలేదు.

షెడ్డు వాళ్ళు మోసం చేశారని నేననను. కానీ బానెట్ ఎత్తకుండా 22 వేలు ఎట్లా చెప్పారన్నదే నా బాధ.

అలాగని ప్రతి వణుకూ మౌంటింగు కాదు. ఒక ప్లగ్గు కొట్టకపోయినా బండి మిస్సింగ్ వచ్చి ఊగుద్ది, ముందు అది చూపించండి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే టకటకమంటే యాక్సిల్ జాయింటు అనుకోండి. సైలెన్సర్ రబ్బర్లు తెగి గొట్టం బాడీకి తగిలినా అదే గోల.

ఇంకో జబ్బుంది మనకి. పాత టైరు ముక్క కోసి ఆ సందులో దూర్చడం. నేనూ చేశా, దాచేదేముంది! రెండు నెలలు కూడా ఆగలేదు. కింద పెట్టిన ముక్క బరువు మోస్తదేమో గానీ, ఇంజను పైకి లేచినప్పుడు పట్టుకోదు గదా, అతికించి లేదు కాబట్టి. ఎత్తు కూడా తేడా వచ్చి ఇంజను ఒరుగుద్ది. ఆ ఈడ్పు అంతా యాక్సిళ్ళ మీద, సైలెన్సర్ గొట్టం మీద, రేడియేటర్ పైపుల మీద పడుద్ది. కొందరైతే ఇనుముకి ఇనుము వెల్డింగు పెట్టిస్తున్నారు. అప్పుడు కారు నిజంగానే ట్రాక్టరవుద్ది.

మార్పించేటప్పుడు దగ్గర నిలబడండి. జాకీని ఆయిల్ చాంబర్ కింద నేరుగా పెట్టనివ్వొద్దు, సొట్ట పడుద్ది. మధ్యలో వెడల్పాటి చెక్క పెట్టాలి, బరువు తేలేంత వరకే లేపాలి. జాకీ మీద ఉన్న ఇంజను కింద చెయ్యి గానీ తల గానీ పెట్టనివ్వొద్దు. ఒకటి విప్పి, అది బిగించాకే రెండోది. అన్ని బోల్టులూ మొదట వదులుగా ఎక్కించి, ఇంజను బరువు వాటి మీద సర్దుకున్నాక గట్టిగా బిగించాలి. ముందే బిగిస్తే కొత్త రబ్బరు మెలికపడి కూర్చుంటది, వణుకు పోదు. అప్పుడు సామాను నకిలీదని షాపువాణ్ణి తిట్టుకుంటాం. ఆయిల్ కారుతుంటే ముందు ఆ సీలో ప్యాకింగో వేయించండి, ఆయిల్ తడిసిన రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతది. నాది పోయింది అందువల్లే.

మూడూ ఒకేసారి మార్చాలా అని మొన్న ఒకరు అడిగారు. చిరిగినవి మార్చండి, మిగతావి టార్చి వేసి చూడండి, పగుళ్ళుంటే వాటినీ మార్చండి. బాగున్నదాన్ని సెట్టు పేరుతో పారేయక్కర్లేదు.

నా పాత మౌంటింగు మోటారు షెడ్డులో మేకుకి వేలాడదీసి ఉంచా. చిరిగిన రబ్బరు ఎట్లా ఉంటదో చూడాలనుకున్నవాళ్ళు పొద్దున నీళ్ళు పెట్టే టైముకి రండి, అక్కడే ఉంటా.