సంపాదకుని మాట: టమాటాకు రెపో రేటు తెలియదు

2023 జులైలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకింది. పెద్ద కారణం టమాటా, ఇతర కూరగాయలు. మదనపల్లె మార్కెట్లో సరుకు చాలక ధర మండిపోతుంటే, రిజర్వ్ బ్యాంకు ఆగస్టు సమావేశంలోనూ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని, 6.50 శాతం దగ్గరే ఉంచింది. నా లెక్కలో అది సరైన పనే. వడ్డీ పెంచితే తోటలో కాయలు కాయవు కదా!

వడ్డీ పనిచేసేది మన చేతిలో ఆడే డబ్బు మీద. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపోను 2023 ఫిబ్రవరికల్లా 6.50కి తీసుకెళ్లారు. ఇరవై ఏళ్ల గడువుతో 25 లక్షల గృహరుణం తీసుకున్నారనుకోండి. వడ్డీ 7 నుంచి 9.5 శాతానికి పెరిగితే నెలవారీ కిస్తీ సుమారు 19,400 నుంచి 23,300 రూపాయలవుతుంది. ఇక కొత్త ఫ్రిజ్ వాయిదా పడుతుంది, దుకాణదారు ధర పెంచడానికి జంకుతాడు. (చాలా బ్యాంకులు కిస్తీ జోలికి పోకుండా గడువు సాగదీశాయి. అది ఇంకో కథ.)

ద్రవ్యోల్బణం దిగిందంటే ధరలు వెనక్కి వచ్చాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. కందిపప్పు పాత ధరకు ఎందుకు రాలేదని అడిగే ఇల్లాలికి రిజర్వ్ బ్యాంకు 4 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం గురించి చెబితే ఒళ్లు మండుతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. మన తెలుగువారే అయిన దువ్వూరి సుబ్బారావు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు రేట్లు పెంచారు. వృద్ధిని నలిపేశారన్నారు కొందరు, ధరల్ని ఆపలేకపోయారన్నారు ఇంకొందరు. ఈ రెండు నిందల్నీ ఈ నెల ముఖచిత్ర కథనం తరచి చూస్తుంది.