బండి చల్లారింది, పేరు కొబ్బరికాయకు వచ్చింది

తిరుమల, శ్రీశైలం, అరకు... ఘాట్ ఏదైనా కానివ్వండి. కొండెక్కి గుడి దగ్గర ఆగిన కారు మళ్లీ స్టార్ట్ కాకపోతే, పక్కనుంచి వినిపించే మొదటి మాట ‘బండికి దిష్టి తగిలింది’ అని. టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. కొబ్బరికాయ తిప్పి కొడతారు. ఇదంతా అయ్యేసరికి అరగంట గడుస్తుంది. తాళం తిప్పితే ఇంజన్ అందుకుంటుంది. చూసినవాళ్ల నమ్మకం మరింత గట్టిపడుతుంది.

వాళ్లు చూసింది నిజమే. చెప్పుకున్న కారణమే తప్పు.

ఘాట్ ఎక్కేటప్పుడు తక్కువ గేరులో శ్రమపడి ఇంజన్ బాగా వేడెక్కుతుంది. నడుస్తున్నంతసేపూ లోపల తిరిగే నీళ్లు, ఎదురుగాలి ఆ వేడిని లాగేస్తుంటాయి. ఇంజన్ ఆపగానే నీళ్ల ప్రవాహం ఆగుతుంది, ఎదురుగాలీ ఉండదు. ఇంజన్ వేడి చుట్టుపక్కల భాగాలకు పాకుతుంది. అందుకే ఆపాక కాసేపు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. గుడి ముందు బండి మొరాయించడానికి కారణం అక్కడ ఆగడమే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉండేది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. గొట్టంలో ఆవిరి నిండితే పంపు పెట్రోల్‌ను లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. ఇది తెలిసిన డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. ఆవిరి తిరిగి పెట్రోల్ అయ్యేది, బండి కదిలేది.

ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోల్‌ను ఒత్తిడితో పంపుతుంది కాబట్టి ఆ బాధ అరుదు. అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. సెల్ఫ్ తిరగకపోయినా, బరువుగా తిరిగినా బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటారు చూడాలి. రాగి తీగ ఉష్ణోగ్రత 80 డిగ్రీలు పెరిగితే దాని నిరోధం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన మోటారు అక్కడ చతికిలపడుతుంది. సెల్ఫ్ చక్కగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే స్పార్క్, పెట్రోల్ వస్తున్నాయో లేదో చూడాలి. ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సర్‌లోని సన్నని తీగచుట్ట పాడైతే వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. దాని సంకేతం లేకపోతే చాలా కార్లలో కంప్యూటర్ స్పార్క్ గానీ పెట్రోల్ గానీ ఇవ్వదు.

ఇక్కడే అసలు పరీక్ష ఉంది. లోపం వేడిలోనే బయటపడుతుంది కనుక వేడిలోనే వెతకాలి. అనుమానమున్న ఒక్క భాగాన్ని మాత్రమే చల్లబరచి, మిగతావాటిని ముట్టుకోకుండా తాళం తిప్పాలి. స్టార్ట్ అయితే ఆ భాగాన్నే మళ్లీ వేడి చేసి చూడాలి. మళ్లీ మొండికేస్తే దోషి దొరికినట్టే. కొబ్బరికాయకూ ఇదే పరీక్ష పెట్టండి. ఈసారి ఏమీ కొట్టకుండా అంతే సేపు ఆగి చూడండి.

ఇదే మూఢత్వం షెడ్డులోనూ ఉంది. ఊహ మీద బ్యాటరీ మార్చి, ఆలోగా చల్లారిన బండి స్టార్ట్ కాగానే ‘అయిపోయింది’ అనే మెకానిక్ కూడా చేసింది ఆ తతంగమే. కొబ్బరికాయ కన్నా అతని బిల్లు పెద్దది, అంతే తేడా. లోపం లోపలే ఉండిపోయి, ఏ అర్ధరాత్రో రోగిని ఆస్పత్రికి తీసుకెళ్తున్నప్పుడు బయటపడవచ్చు.

మనిషి ఒంటి విషయంలో ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. హెపటైటిస్-ఏ వల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ ఘనత పసరు మందుకు పోతుంది. తర్వాత పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినవాడూ అదే పసరు కోసం వెళ్లి, చికిత్స చేయించుకోవాల్సిన సమయాన్ని పోగొట్టుకుంటాడు.

కాలం చేసిన పనికి మరొకదాన్ని కర్తగా నిలబెట్టడం మన నమ్మకాల్లో చాలావాటికి పునాది. డ్రైవర్‌నైనా, మెకానిక్‌నైనా, మందిచ్చేవాడినైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నువ్వు ఇది చేయకుండా ఊరుకుంటే ఏమయ్యేది? దానికి పరీక్షించి జవాబు చెప్పగలిగినవాడి మాటే వినాలి. పిల్లలకు ఈ ప్రశ్న బడిలోనే నేర్పాలి, పెద్దలు దాన్ని ఎక్కడైనా జంకు లేకుండా అడగాలి.